మాట్లాడుతుంటే ఫ్రీక్వెన్సీ జారుతోంది: కాలిబ్రేషన్ మార్చాలా, సెట్టు విప్పాలా?

కృష్ణ ఒడ్డు:
సొంతంగా అమర్చుకున్న 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్) హామ్ రేడియో సెట్టు గురించి పెద్దల మాట కావాలి. సెట్టు ఫ్రీక్వెన్సీని నిర్ణయించే రెండు ఆసిలేటర్లు, వీఎఫ్ఓ, బీఎఫ్ఓ, ఒకే ఎస్ఐ5351 చిప్పు నుంచి వస్తాయి. దాని పక్కన, దానికి ఆధారమైన 25 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంది. పవర్ 10 వాట్లు. రోజూ ఉదయం విజయవాడ నుంచి కర్నూలులోని మిత్రుడితో 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర, గొంతును డయల్ అంకెకు కిందివైపే పంపే ఎల్ఎస్‌బీలో మాట్లాడతాను. ఆయన గొంతు సహజంగా వినబడేదాకా డయల్ తిప్పి, ఆ తర్వాతే పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కుతాను. మొదట బాగానే ఉంటుంది. మూడు నిమిషాలు మాట్లాడేసరికి నా గొంతు సన్నబడిపోతోందట. ఆయన తన ఆర్ఐటీని (రిసీవ్ ట్యూనింగ్‌ను మాత్రమే కొద్దిగా జరిపే నాబ్) 70 హెర్ట్జ్ దాకా కిందికి తిప్పుకోవలసి వస్తోంది. మైకులో ఈల వేసి ఫ్రీక్వెన్సీ కౌంటర్‌తో కొలిస్తే డయల్ మీద 7.1000 ఉండగా కౌంటర్ 7.0988 చూపింది. కాలిబ్రేషన్ సంఖ్య (క్రిస్టల్ తేడాను సరిదిద్దేందుకు చిప్పుకు ఇచ్చే అంకె) మార్చమని ఒకరు, దాని జోలికే పోవద్దని మరొకరు అంటున్నారు.

సోల్డరింగ్ బల్ల:
మార్చండి. 7.1 మెగాహెర్ట్జ్ మీద 70 హెర్ట్జ్ అంటే దాదాపు పది పీపీఎం, పది లక్షల్లో పది వంతులు. చవక క్రిస్టళ్లలో అంతకు మించిన తేడా కూడా మామూలే. చిప్పుకు మూడో అవుట్‌పుట్ ఖాళీగా ఉంటుంది కదా, దాన్ని 10 మెగాహెర్ట్జ్‌కు పెట్టండి. షార్ట్‌వేవ్ రేడియోలో, కచ్చితంగా 10 మెగాహెర్ట్జ్ మీదే వచ్చే చైనా వారి బీపీఎం టైమ్ స్టేషన్‌తో కలిపి వినండి. రెండింటి మధ్య కూత నెమ్మదించి ఆగిపోయేదాకా సంఖ్య సవరించండి. అరగంట పని.

గోదావరి గట్టు:
లెక్క సరే, నిర్ణయం తప్పు. ఆయన చెవితో ట్యూన్ చేసుకుంటున్నానని రాశారు. రిసీవ్‌కూ ట్రాన్స్‌మిట్‌కూ అవే ఆసిలేటర్లు. క్రిస్టల్ ఎంత తప్పుగా ఉన్నా, మిత్రుడి గొంతు సహజంగా వినిపించే చోట పీటీటీ నొక్కితే సిగ్నల్ సరిగ్గా ఆయన మీదే పడుతుంది. డయల్ అంకె అబద్ధం చెప్పవచ్చు, సిగ్నల్ మాత్రం చోటు తప్పదు. కాబట్టి ఈ 70 హెర్ట్జ్‌కు కాలిబ్రేషన్ మందు కాదు. 'మొదట బాగానే ఉంటుంది' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి.

ఈల కొలత పక్కన పెట్టండి. ఎల్ఎస్‌బీలో 1,200 హెర్ట్జ్ ఈల వేస్తే సిగ్నల్ డయల్‌కు 1.2 కిలోహెర్ట్జ్ కిందే ఉండాలి. కౌంటర్ నిజమే చెప్పింది.

కృష్ణ ఒడ్డు గారూ, ఒక్క ప్రశ్న: పీటీటీ వదిలిన వెంటనే ఆయన గొంతు మీకు ఎలా వినిపిస్తోంది?

పాత చేయి:
వోల్టేజీ, యాంటెన్నా కూడా చూడండి. మీ ఆర్ఐటీ ఆపేసి, యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ (సిగ్నల్‌ను గాలిలోకి పంపకుండా మింగేసే రెసిస్టర్) పెట్టి మాట్లాడండి. జారడం ఆగితే, ఆర్ఎఫ్ (రేడియో శక్తి) తిరిగి సెట్టులోకి దూరుతోందని అర్థం. మేము ఫర్హాన్ గారి బిట్ఎక్స్ (ఇంట్లో కట్టుకునే హామ్ సెట్టు) డిజైన్ చూసి, క్రిస్టల్ ఆధారం లేకుండా స్వేచ్ఛగా తిరిగే వీఎఫ్ఓలు కట్టుకున్న రోజుల్లో సెట్టు వేడెక్కేదాకా నోరు తెరిచేవాళ్లం కాదు.

సోల్డరింగ్ బల్ల:
చెవితో ట్యూన్ చేస్తే సరిపోతుందన్న మాట ప్రమాదం. మన దేశంలో ఈ బ్యాండు 7.000 నుంచి 7.200 వరకే. ఎల్ఎస్‌బీలో 7.002 మీద మాట్లాడితే సైడ్‌బ్యాండు (మన గొంతు ఆక్రమించే మేర) 6.999 దాకా పోతుంది. అంచుల దగ్గర మనకు ఆధారం డయల్ ఒక్కటే. లైసెన్స్ ఉన్నవాడికి తన సిగ్నల్ ఎక్కడుందో తెలిసి ఉండాలి.

గోదావరి గట్టు:
అది ఒప్పుకుంటాను. కానీ ఏ క్షణంలో కాలిబ్రేట్ చేస్తారు? చల్లగా ఉన్నప్పుడా, మూడు నిమిషాలు మాట్లాడాకా? కదులుతున్న దాని మీద ఒక సంఖ్య రాసి పెడితే ఏం లాభం?

కృష్ణ ఒడ్డు:
రెండు రోజులు పరీక్షించాను. పీటీటీ వదిలిన తొలి క్షణాల్లో ఆయన గొంతు లావుగా, బరువుగా వినిపిస్తోంది. నిమిషంలో మెల్లగా సర్దుకుంటోంది. ఇన్నాళ్లూ అది ఆయన మైకు గుణం అనుకున్నాను. ఆర్ఐటీ ఆపే ఉంది. డమ్మీ లోడ్ మీదా అంతే జారుతోంది. మాట్లాడేటప్పుడు వోల్టేజీ 13.5 నుంచి 13.1కి మాత్రమే దిగుతోంది.

గోదావరి గట్టు:
అయితే వేడి. యాంటెన్నా, వోల్టేజీ కారణమైతే పీటీటీ వదలగానే అంతా సర్దుకునేది. ఇక్కడ రిసీవ్ కూడా జారి, చల్లబడ్డాక వెనక్కి వస్తోంది. క్రిస్టల్ ఎక్కడుంది? వేడెక్కేది ఏది?

కృష్ణ ఒడ్డు:
మూత తీసి చూస్తే సిగ్గేసింది. ఫైనల్ ట్రాన్సిస్టర్ (పవర్ ఇచ్చేది) హీట్‌సింక్ పెట్టె లోపలే ఉంది, దానికి రెండు వేళ్ల దూరంలో క్రిస్టల్. సెట్టును రిసీవ్‌లో పెట్టి, ఒక స్థిరమైన క్యారియర్ (మాట లేని సిగ్నల్) కూత వింటూ, సోల్డరింగ్ ఐరన్‌ను క్రిస్టల్ దగ్గరికి తెచ్చాను. తాకించలేదు. కూత నెమ్మదిగా కిందికి జారింది. ఐరన్ తీసేస్తే తిరిగి పైకి పాకింది. ఆ శబ్దం విన్నాక నాకు ఇంకో రుజువు అక్కర్లేకపోయింది. హీట్‌సింక్‌ను వెనక పలక బయటికి మార్చాను, క్రిస్టల్ మీద చిన్న థర్మోకోల్ టోపీ పెట్టాను. ఇప్పుడు మూడు నిమిషాలకు 15 హెర్ట్జ్.

సోల్డరింగ్ బల్ల:
చక్కటి పని చేశారు. ఇప్పుడైనా సెట్టును ఇరవై నిమిషాలు ఆన్ చేసి ఉంచి కాలిబ్రేట్ చేయండి. ముందు ముందు 10 మీటర్ల బ్యాండు పెట్టే ఆలోచన ఉంటే ఈ 15 హెర్ట్జ్ అక్కడ 60 అవుతుంది. ఒక పీపీఎం టీసీఎక్స్ఓ (వేడి మారినా ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే క్రిస్టల్ ఆసిలేటర్) వేస్తే 7 మెగాహెర్ట్జ్ మీద 7 హెర్ట్జ్‌తో పోతుంది. నేనైతే మొదటి రోజే అది వేసేవాణ్ణి.

గోదావరి గట్టు:
నేను వేయను. ఆ హీట్‌సింక్ పక్కనే టీసీఎక్స్ఓ పెట్టి ఉంటే అది జారుడును కప్పిపుచ్చేది, వేడి మాత్రం లోపలే ఉండేది.

కృష్ణ ఒడ్డు:
ప్రస్తుతానికి పాత క్రిస్టల్‌తోనే ఉంటాను, బీపీఎం పద్ధతిలో కాలిబ్రేట్ చేస్తాను. ఈ ఉదయం ఐదు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడాను. కర్నూలు మిత్రుడు ఆర్ఐటీ ముట్టుకోలేదట.