ల్యాబ్ టెక్నీషియన్ ఇంటర్వ్యూ: శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏమేం అడుగుతున్నారు?

నాగావళి_గట్టు: డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయ్యింది, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ ఉంది. వచ్చే వారం శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబ్‌లో ఇంటర్వ్యూ. థియరీ అడుగుతారా, చేతిపని చూస్తారా?

రాగోలు_రోడ్డు: చేతిపనే ఎక్కువ తమ్ముడూ. బ్లడ్ తియ్యమంటారు. టోర్నికెట్ (చేతికి కట్టే పట్టీ) నిమిషం దాటనివ్వకు. పేషెంటు చేత పిడికిలి పదేపదే బిగించి వదిలిస్తే పొటాషియం పెరుగుతుంది, అది గమనిస్తారు. ట్యూబుల వరుస: కల్చర్ సీసా (రక్తంలో క్రిములు పెంచి చూసేది), లేత నీలం, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. వరుస అప్పజెప్పి ఊరుకుంటే ఎందుకని అడుగుతారు. ఊదా ట్యూబులో పొటాషియం ఈడీటీఏ (రక్తం గడ్డకట్టనివ్వని మందు) ఉంటుంది. అది సీరం ట్యూబులో (ఎరుపు లేదా పసుపు) రవ్వంత కలిసినా పొటాషియం ఎక్కువ, కాల్షియం తక్కువ వస్తాయి. నీలం ట్యూబు గీత వరకూ నిండాలి, 2.7 మి.లీ. రక్తానికి 0.3 మి.లీ. సిట్రేటు. రక్తం తక్కువ పడితే పీటీ, ఏపీటీటీ (రక్తం గడ్డకట్టే సమయం చూసే టెస్టులు) లేనిపోనిది పెరిగినట్టు కనిపిస్తాయి.

కోట_జంక్షన్: బటర్‌ఫ్లై సూదితో నీలం ట్యూబే మొదటిదైతే ముందు ఒక ట్యూబు తీసి పారెయ్యాలి. గొట్టంలోని గాలి వల్ల రక్తం తగ్గిపోతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పలాస_వైపు: కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి పేషెంట్లు వచ్చే ల్యాబ్ అయితే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూపే టెస్టు) మీద గట్టిగా పడతారు. డయాలసిస్ పేషెంటుకు ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి టోర్నికెట్ కట్టకూడదు, సూదీ గుచ్చకూడదు. ఇది తప్పు చెబితే మిగతావి ఎన్ని చెప్పినా నా లెక్కలో దండగే. క్రియాటినిన్ కొలిచే జాఫే పద్ధతిలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగేది) బాగా ఎక్కువుంటే క్రియాటినిన్ తక్కువగా, కీటోన్లుంటే ఎక్కువగా రావచ్చు. "నిన్న 1.1, ఇవాళ 6, యూరియా 28, ఏం చేస్తావ్?" లాంటి ప్రశ్నకు "రిపీట్ చేస్తా" అని వెంటనే అనకు. ముందు ట్యూబు మీద పేరు, నంబరు; తర్వాత శాంపిల్‌లో ఫైబ్రిన్ (గడ్డ పోగులు) ఉందా, ఆ రోజు కంట్రోల్ (విలువ ముందే తెలిసిన శాంపిల్) సరిగ్గా వచ్చిందా; అప్పుడు రిపీట్. అయినా అదే వస్తే కొత్త శాంపిల్ అడిగి డాక్టరుకు ఫోన్. సీరం ట్యూబును అరగంట గడ్డకట్టనివ్వకుండా సెంట్రిఫ్యూజ్‌లో పెడితే ఫైబ్రిన్ పోగులు మెషిన్ శాంపిల్ పీల్చే ప్రోబ్‌లో ఇరుక్కుంటాయి.

సీతంపేట_కొండ: ఏజెన్సీ వైపు అయితే మలేరియా, సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) తప్పవు. మలేరియాకు గాజుపలక మీద రక్తం పూసే మందపు స్మియర్‌ను మిథనాల్‌తో ఫిక్స్ చెయ్యకూడదు, ఎర్రకణాలు పగలాలి కదా. పలుచనిదాన్ని చెయ్యాలి, మలేరియా క్రిమి జాతి తేల్చేది అదే. ఆయిల్ లెన్స్ కింద 100 ఫీల్డులు చూడకుండా నెగటివ్ రాయకు. ఫాల్సిపారం జాతి మలేరియాను పట్టే హెచ్‌ఆర్‌పీ-2 కిట్టు మందు వాడాక కూడా వారాల తరబడి పాజిటివ్ చూపిస్తుంది. సికిల్ సాల్యుబిలిటీ టెస్టు క్యారియర్‌నీ రోగినీ విడదీయలేదు, దానికి హిమోగ్లోబిన్ రకాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ గానీ ఎలక్ట్రోఫోరెసిస్ గానీ కావాలి. ఆరు నెలల లోపు పిల్లలకు తప్పుడు నెగటివ్ వస్తుంది.

నాగావళి_గట్టు: సూది గుచ్చుకుంటే ఏం చెయ్యాలో కూడా అడుగుతారా అన్నా? పిండి రక్తం తీసెయ్యాలని ఎక్కడో చదివాను.

రాగోలు_రోడ్డు: పిండకూడదు. సబ్బు, ధారగా పారే నీళ్లు, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పడం. హెచ్‌ఐవీ మందు అవసరమైతే ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటకూడదు. 28 రోజులు వాడాలి. వాడిన సూది తెల్లటి పంక్చర్‌ప్రూఫ్ డబ్బాలోకే, మూత తిరిగి పెట్టొద్దు.

కోట_జంక్షన్: ప్రభుత్వ కాంట్రాక్టు పోస్టులకు మాత్రం సాధారణంగా మార్కుల మెరిట్టే. నోటిఫికేషన్‌లో వెయిటేజీ ఎలా ఇచ్చారో చూసుకో, సర్వీస్ సర్టిఫికెట్ లేకపోతే పని అనుభవం మార్కులు రావు.

నాగావళి_గట్టు: వాళ్ల ఎనలైజర్ నాకు తెలియని కంపెనీది అయితే?

పలాస_వైపు: తెలుసని అనొద్దు. నువ్వు నడిపిన మెషిన్ పేరు చెప్పి, ఏ మెషిన్ అయినా పొద్దున్నే మెయింటెనెన్స్, రియేజెంట్ గడువు, అవసరమైతే కాలిబ్రేషన్, రెండు లెవెళ్ల కంట్రోల్, ఆ తర్వాతే పేషెంటు శాంపిల్ అని చెప్పు. కంట్రోల్ సగటు నుంచి 3 ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్) దాటితే రిపోర్టులు ఆపేస్తానని కూడా కలుపు.