సియాటిల్ దగ్గర పాల్స్‌బో ఎవరైనా చూశారా? అమ్మానాన్నలను తీసుకెళ్లొచ్చా?

కొర్లగుంట_తిరుపతి:
అందరికీ నమస్కారం. అక్క సియాటిల్‌లో ఉంటుంది, వచ్చే మే నెలలో అమ్మానాన్నలను తీసుకుని వెళ్తున్నాను. నాన్న హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు, మాల్స్ చూపిస్తానంటే ఒప్పుకోరు, జనం ఎక్కడినుంచి వచ్చి ఎట్లా బతికారో తెలిసే ఊరు ఏదైనా ఉంటే చూద్దాం అంటారు. అక్క పాల్స్‌బో పేరు చెప్పింది, నార్వే నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న ఊరంట. వీడియోల్లో మాత్రం కొమ్ముల టోపీలు, గిఫ్ట్ షాపులే కనిపిస్తున్నాయి. నిజంగా చూడాల్సింది ఏమైనా ఉందా? అమ్మకు మోకాళ్ల నొప్పి, పైగా గుడ్డు కూడా ముట్టదు. కారు లేకుండా కుదురుతుందా?

గిరింపేట_చిత్తూరు:
తప్పకుండా తీసుకెళ్లు తమ్ముడూ, మాస్టారుగారికి బాగా నచ్చుతుంది. ఆ కొమ్ముల టోపీలను పట్టించుకోవద్దు. వైకింగులు అట్లాంటివి పెట్టుకున్నారనడానికి ఆధారమే లేదు, అదీగాక ఈ ఊరు కట్టినవాళ్లు వైకింగులు కాదు, వాళ్ల తర్వాత ఎన్నో వందల ఏళ్లకు పొట్ట చేతపట్టుకుని వచ్చిన రైతులు, జాలర్లు. నార్వేలో సాగుకు పనికొచ్చే నేల చాలా తక్కువ, జనాభా పెరిగేకొద్దీ పొలం ముక్కలైపోయింది, అందుకే 1825లో మొదటి ఓడ బయల్దేరినప్పటినుంచి వందేళ్లలో దాదాపు 8 లక్షల మంది అమెరికా వచ్చేశారు. ఎక్కువమంది మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు నేలల్లో స్థిరపడ్డారు. పాల్స్‌బోకు 1880లలో వచ్చినవాళ్లకు కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రం, అడవి కనిపించాయి, అచ్చం సొంతూరు లాగే. చెట్లు కొట్టారు, చేపలు పట్టారు, బేరింగ్ సముద్రం నుంచి కాడ్ చేపలు తెచ్చి ఉప్పు పట్టించి అమ్మారు. మొదటి ప్రయాణానికి 150 ఏళ్లు నిండిన 1975లో నార్వే రాజు ఐదో ఓలాఫ్ అమెరికా వచ్చినప్పుడు ఈ చిన్న ఊరికి కూడా వచ్చాడు.

నేను అక్కడ పని చేసిన రోజుల్లో మనసుకు పట్టిన సంగతి ఇంకొకటి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం వరకు ఆ ఊళ్లో వీధిలోనూ చర్చిలోనూ నార్వే భాషే ఎక్కువగా వినపడేది. యుద్ధం వచ్చాక పక్కనున్న బ్రెమర్టన్ నేవీ యార్డులో పనిచేసేవాళ్ల కోసం ఇక్కడ ఇళ్లు కట్టారు, కొత్త జనం దిగారు, ఇంట్లో పిల్లలు ఇంగ్లిష్‌లోకి మళ్లిపోయారు. ఇప్పుడు పండగ ఉంది, వంట ఉంది, భాష మాత్రం ఎక్కడో ముసలివాళ్ల దగ్గర. సియాటిల్‌లో మన పిల్లలు తాతతో వీడియో కాల్‌లో రెండు ముక్కలు తెలుగు మాట్లాడి ఇంగ్లిష్‌లోకి జారిపోవడం చూసినప్పుడల్లా నాకు ఆ ఊరే గుర్తొస్తుంది. మీ అక్క పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్లండి.

పద్మావతిపురం_అమ్మ:
నాయనా, మా అబ్బాయి దగ్గరికి పోయినప్పుడు చూశాను, అమ్మకు ఇబ్బంది ఉండదు. ఫ్రంట్ స్ట్రీట్ అంతా చదునే, నీళ్ల ఒడ్డున పార్కులో కూర్చోవడానికి బెంచీలు కూడా ఉన్నాయి. పాత లూథరన్ చర్చి మాత్రం గుట్ట మీద ఉంది, అక్కడికి నడిపించొద్దు, కింద నుంచే గోపురం కనిపిస్తుంది. తిండి సంగతే కష్టం. బేకరీలో దాదాపు అన్నింట్లో గుడ్డు పడుతుంది, లెఫ్సా అని బంగాళదుంపతో చేసే రొట్టె ఉంటుంది, పూర్ణం లేని ఓళిగ మాదిరి పల్చగా ఒత్తి పెనం మీద కాలుస్తారు, దాంట్లో సాధారణంగా గుడ్డు వెయ్యరు గానీ కొందరు పంది కొవ్వు వేస్తారు, అడక్కుండా తినిపించొద్దు. పులిహోర కట్టుకుని పోండి, అదే మేలు.

కొర్లగుంట_తిరుపతి:
చాలా థ్యాంక్స్ అన్నా, అమ్మా. పిల్లల్ని కూడా తీసుకెళ్తాం. మే నెలలో ఏదో పండగ ఉంటుందని చదివాను, ఆ రోజే వెళ్తే మంచిదా?

ఎస్వీయూ_పాత_విద్యార్థి:
వైకింగ్ ఫెస్ట్. 1814 మే 17న నార్వే తన రాజ్యాంగం రాసుకుంది, ఆ తేదీకి దగ్గర్లో వచ్చే శని, ఆదివారాల్లో ఊరేగింపు చేస్తారు. పిల్లలకు సరదాగానే ఉంటుంది గానీ విపరీతమైన జనం, మీ అమ్మగారి మోకాళ్లకు మామూలు రోజే మంచిది. సియాటిల్ నుంచి బెయిన్‌బ్రిడ్జ్ దీవికి ఫెర్రీ 35 నిమిషాలు, లోపల లిఫ్ట్ ఉంటుంది. నడిచి ఎక్కేవాళ్లకు వెళ్లేటప్పుడే టికెట్, తిరుగు ప్రయాణానికి డబ్బులు తీసుకోరు. రేవు నుంచి పాల్స్‌బో సుమారు 20 కిలోమీటర్లు, బస్సు ఉంది. ఆదివారం అయితే ముందే టైమింగ్స్ చూసుకోండి.

ఇంకో మాట, కారు దొరికితే దారిలో అగేట్ పాస్ వంతెన దాటాక సుక్వామిష్ దగ్గర ఆగండి. సియాటిల్ నగరానికి ఎవరి పేరు పెట్టారో ఆ చీఫ్ సియాటిల్ (సుక్వామిష్ అనే ఆదివాసీ తెగ నాయకుడు) సమాధి అక్కడే ఉంది, ఆయన 1866లో పోయారు. నార్వేవాళ్లు దిగకముందు ఆ ఒడ్డు అంతా ఆ తెగవాళ్లదే, వాళ్ల మ్యూజియం కూడా ఉంది. మాస్టారుగారు అడిగింది జనం కథ కాబట్టి నేనైతే ముందు అక్కడికి తీసుకెళ్లి, ఆ తర్వాతే పాల్స్‌బో చూపిస్తాను.