అప్‌డేట్: పాత సినిమా బ్లూరే, మైనపు ముఖాల సంగతి

పోయిన వారం అడిగింది నేనే. పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా కొత్త బ్లూరే కొన్నాను, ముఖాలన్నీ మైనం పూసినట్టున్నాయి, గొంతులేమో బావిలోంచి వస్తున్నట్టున్నాయి, తప్పు టీవీదా డిస్క్‌దా అని. రెండిటిదీ!

మీరు చెప్పినట్టే ముందు టీవీలో నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కల్ని చెరిపేది), మోషన్ స్మూతింగ్ (కదలికని నునుపు చేసేది) ఆపేసి షార్ప్‌నెస్ బాగా తగ్గించాను. సెకనుకు 24 ఫ్రేములున్న సినిమాకి టీవీ తనంతట తానే మధ్యలో ఫ్రేములు పుట్టించి చేరుస్తోందట, అందుకే సీరియల్‌లా కనిపించింది. మనుషుల అంచుల చుట్టూ ఉన్న తెల్లగీత కూడా పోయింది, అది షార్ప్‌నెస్ పని. మైనం మాత్రం పోలేదు. హీరోయిన్ క్లోజప్ దగ్గర ఆపి నా పాత డీవీడీతో పోల్చి చూశాను. డీవీడీలో వివరాలు తక్కువే, అయినా గ్రెయిన్ (ఫిల్మ్‌లో కనిపించే సన్నటి చుక్కలు) ఉంది, చెంప చెంపలా ఉంది. బ్లూరేలో 1080 లైన్లుండి ఏం లాభం, కనుబొమ్మ ఒకే నల్లగీత, చర్మం ప్లాస్టిక్. గ్రెయిన్ అంటే ఫిల్మ్‌లోని వెండి రేణువులే కదా, బొమ్మ తయారైందే వాటితో, దాన్ని మురికనుకుని డిస్క్ చేసినవాళ్లు కడిగేస్తే ఇంకేం మిగులుతుంది?

సౌండ్ సంగతి తేలిగ్గా తేలిపోయింది. డిస్క్ పెట్టగానే 5.1 (చుట్టూ ఉన్న స్పీకర్లకి పంచిన సౌండ్) మొదలవుతోంది, మెనూలో అడుగున అసలు మోనో ట్రాక్ (ఒకే చానెల్ సౌండ్) దాక్కుని ఉంది. దానికి మార్చగానే కాస్త బుస వినిపిస్తోంది కానీ మాటలు స్పష్టంగా ముందుకొచ్చాయి.

డిస్క్ వాపసు పంపేస్తున్నాను. ఆ మోనో ట్రాక్ వదులుకోవడం ఒక్కటే బాధ.