94 శాతం దగ్గరే ఆగిపోయే ఛార్జింగ్: వారంటీ కింద తేల్చుకోవలసిన లోపమా, ఓపిక పట్టవలసిన లెక్కల తేడానా?

సర్జాపుర రోడ్డు వాసి (చర్చ ప్రారంభించినవారు):

మా ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ సామర్థ్యం 40 కిలోవాట్ అవర్లు, అంటే మామూలు మాటల్లో 40 యూనిట్లు. సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకానివి. కొంతకాలంగా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోని 15 ఆంపియర్ల సాకెట్‌కు రాత్రంతా పెట్టి ఉంచినా, 94 శాతానికి రాగానే ఛార్జింగ్ పూర్తయిందని చూపించి ఆగిపోతోంది. హైవే మీది ఫాస్ట్ ఛార్జర్ల దగ్గర 90 దాటడమే గగనంగా ఉంది. యాప్‌లో పరిమితి 100కే పెట్టి ఉంది, టైమర్ ఏదీ లేదు, కనుక ఆ రెండూ చూసుకోమని ఎవరూ శ్రమపడి చెప్పనక్కరలేదు.

సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళితే, సెల్ బ్యాలెన్సింగ్ (సెల్స్ అన్నిటి ఛార్జ్‌ను సమానం చేయడం) జరగాలి, కొన్ని వారాలు ఇంటి దగ్గరే నెమ్మదిగా ఫుల్ ఛార్జింగ్ పెట్టండి, అదే సర్దుకుంటుంది అని చెప్పి, ఫిర్యాదును నమోదు చేసే జాబ్ కార్డు కూడా తెరవకుండా పంపించారు. తగ్గిన 6 శాతం అంటే 2.4 యూనిట్లు, హైవే మీద యూనిట్‌కు ఆరు కిలోమీటర్ల చొప్పున చూసినా 14 కిలోమీటర్ల పైమాటే. బెంగళూరు లోపల తిరిగేటప్పుడు ఇది లెక్కలోకి రాదు గాని, అనంతపురం దారిలో తర్వాతి ఛార్జర్ దాకా వెళ్ళవచ్చా, ఇక్కడే ఆగాలా అన్న నిర్ణయం దీని మీదే ఆధారపడుతుంది. నా వాదన ఒక్కటే: నూరు శాతం నిండని బ్యాటరీ లోపమున్న బ్యాటరీ, దాన్ని విప్పి చూసి పాడైన మాడ్యూల్‌ను (కొన్ని సెల్స్ కలిపిన భాగాన్ని) మార్చే బాధ్యత కంపెనీది. కాదనేవారు కారణం చెప్పండి.

ప్యాక్ పరీక్షకుడు:

కాదనేవారిలో నేనొకణ్ణి, అయితే సర్వీస్ సెంటర్ వారి పక్షాన మాత్రం కాదు. 94 అనే అంకె ఒక్కటే చూసి లోపం ఉందని గాని లేదని గాని చెప్పడం సాధ్యం కాదన్నది నా అభ్యంతరం.

బ్యాటరీలో ఎంత శక్తి మిగిలి ఉందో నేరుగా కొలిచే సాధనం కారులో లేదు. బ్యాటరీని కనిపెట్టి ఉండే బీఎంఎస్ వ్యవస్థ, లోపలికి వెళ్ళిన కరెంటును, బయటికి వచ్చిన కరెంటును కూడుతూ తీసివేస్తూ ఒక అంచనా వేస్తుంది. ఆ కొలతలోని చిన్న చిన్న తేడాలు రోజురోజుకూ పేరుకుంటాయి. నికెల్ ఉన్న సెల్స్‌లో వోల్టేజి ఒక క్రమంలో పెరుగుతుంది కాబట్టి దాన్ని చూసి అంచనాను సరిదిద్దుకోవచ్చు. ఐరన్ ఫాస్ఫేట్ సెల్‌లో మాత్రం మధ్య భాగమంతా 3.2, 3.3 వోల్టుల చుట్టూ దాదాపు బల్లపరుపుగా ఉండి, అడుగున చివరి పదో వంతులోనూ పై కొసలోనూ మాత్రమే వోల్టేజి స్పష్టంగా మారుతుంది. ఎప్పుడూ 30కీ 70కీ మధ్యనే నడిపే నగరవాసి కారులో ఈ లెక్క తప్పడం సహజం. టెస్లా తన ఐరన్ ఫాస్ఫేట్ కార్లను వారానికి ఒకసారైనా 100 శాతం వరకు ఛార్జ్ చేయమని చెప్పడానికి ఇదే కారణం.

రెండో సంగతి. సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఏ ఒక్క సెల్ 3.65 వోల్టుల గరిష్ఠాన్ని తాకినా మొత్తం ఛార్జింగ్ ఆపవలసిందే. పంక్తిలో ఒక్కరి విస్తరి నిండగానే అందరికీ వడ్డన ఆపేసినట్టన్నమాట. ఆ ముందు నిండిన సెల్ ఎందుకు ముందు నిండిందన్నదే అసలు ప్రశ్న. దాని సామర్థ్యం మిగతావాటితో సమానంగానే ఉండి, కాస్త ఎక్కువ ఛార్జ్‌తో మొదలుపెట్టినందువల్ల ముందు నిండితే అది అసమతుల్యత, బ్యాలెన్సింగ్‌తో పోతుంది. దాని సామర్థ్యమే తగ్గిపోయి ఉంటే ముందు నిండేది అదే, ముందు ఖాళీ అయ్యేదీ అదే. ఎన్ని రాత్రులు ప్లగ్ పెట్టినా అది బాగుపడదు. కాబట్టి కారుకు తగిలించి లోపలి రీడింగులు చదివే ఓబీడీ పరికరంతో ప్రతి సెల్ వోల్టేజి చూసి, పైన ఆగినప్పుడు అన్నింటికంటే ఎక్కువ చూపిన సెల్ ఏదో, 10 శాతం కిందికి దిగినప్పుడు అన్నింటికంటే తక్కువ చూపిన సెల్ ఏదో రాసి పెట్టండి. రెండూ ఒకటే అయితే నేను మీ పక్షాన వాదిస్తాను.

మారతహళ్ళి వైరింగ్ కాంట్రాక్టర్:

సెల్స్ లోతుల్లోకి దిగే ముందు గోడ వైపు కూడా చూడాలి. 15 ఆంపియర్ల సాకెట్‌ను మన అపార్ట్‌మెంట్లలో గీజర్ కోసమే పెడతారు. గీజర్ అరగంటలో ఆగిపోతుంది, కారు మాత్రం రాత్రంతా ఏకధాటిగా 3 కిలోవాట్లకు తగ్గకుండా లాగుతుంది. లోపలి స్క్రూ కాస్త వదులైనా ప్లగ్ వేడెక్కుతుంది, వేడిని గుర్తించే ఛార్జర్లయితే కరెంటు తగ్గిస్తాయి లేదా ఆపేస్తాయి. రాత్రి కరెంటు పోయి భవనం జనరేటర్ మీదికి మారిందంటే, అక్కడ న్యూట్రల్‌కు ఎర్తింగ్ సరిగా కలిపి లేకపోతే, ఎర్త్ దొరకలేదని ఛార్జర్ మొరాయిస్తుంది. బెంగళూరు విద్యుత్ సంస్థ బెస్కాం సరఫరా 230 వోల్టులన్నది పేరుకు. 6 శాతం అటూ ఇటూ, అంటే 216 నుంచి 244 దాకా మామూలే, పాత లేఅవుట్లలో సాయంత్రం పూట అంతకంటే దిగువకు పోవడం నేను మీటర్ పెట్టి చూశాను. పది పన్నెండు వందల రూపాయల ఎర్తింగ్ పని మిగిలి ఉండగా బ్యాటరీ విప్పమనడం నాకు సబబుగా తోచడం లేదు.

ప్యాక్ పరీక్షకుడు:

సాకెట్ తనిఖీ ఎవరికైనా మంచిదే, కాని ఈ కేసుకు అది జవాబు కాదు. గోడలోని తీగకు బ్యాటరీ శాతం తెలియదు. సరఫరా లోపమైతే ఒకనాడు 60 దగ్గర, ఒకనాడు 85 దగ్గర ఆగి, అంతరాయం కలిగిందని సందేశం రావాలి. ఇక్కడ ప్రతిసారీ ఒకే చోట ఆగుతోంది, పైగా కారే పూర్తయిందని చెబుతోంది. ఇంటి వైరింగ్‌తో సంబంధం లేని ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఇంకా ముందే ఆగుతోందన్న సంగతి కూడా మరచిపోకూడదు.

పాత ఈవీ యజమాని, హెబ్బాళ:

బ్యాలెన్సింగ్ అనే మాటను సర్వీస్ సెంటర్లు మంత్రంలా వాడుతున్నాయి, దాని వెనుక లెక్క ఎవరూ చెప్పరు. నేను చెబుతాను. ఈ ప్యాక్‌లో, అంటే మొత్తం బ్యాటరీలో, సుమారు 100 సెల్స్ వరుసగా ఉన్నాయనుకుంటే 320 వోల్టులు. 40 యూనిట్లను దానితో భాగిస్తే 125 ఆంపియర్ అవర్లు. అందులో 6 శాతం 7.5 ఆంపియర్ అవర్లు. ఎక్కువ నిండిన సెల్ నుంచి చిన్న రెసిస్టర్ ద్వారా శక్తిని వేడిగా ఖర్చు చేసే పద్ధతిలో కరెంటు 0.1 ఆంపియర్ అనుకోండి, ఆ తేడా తీరడానికి 75 గంటలు పడుతుంది. చాలా వ్యవస్థలు ఈ పనిని పై కొసకు చేరిన తర్వాతే మొదలుపెడతాయి. కాబట్టి ఒకటి రెండు రాత్రుల్లో సర్దుకుంటుందని చెప్పినవారు ఈ లెక్క వేయలేదని, కొన్ని నెలలు పడుతుందని చెప్పినవారు వారంటీ గడువు వైపు చూస్తున్నారని నేను అర్థం చేసుకుంటాను.

దీనికంటే సులభమైన పరీక్ష ఒకటుంది. సాకెట్‌కు ఒక సబ్‌మీటర్ పెట్టి, 20 శాతం నుంచి ఆగేదాకా ఎన్ని యూనిట్లు కాలాయో చూడండి. ఛార్జింగ్‌లో 10 నుంచి 15 శాతం వృథా అవుతుందనుకుంటే, నిజంగా 94 వరకే నిండితే మీటర్‌లో 33 నుంచి 35 యూనిట్లు, పూర్తిగా నిండి అంకె మాత్రమే తప్పు చూపుతుంటే 35.5 నుంచి 37.5 యూనిట్లు ఉండాలి.

ప్యాక్ పరీక్షకుడు:

75 గంటల లెక్క సరైనదే, కాని అది 6 శాతమూ అసమతుల్యతే అనుకుంటేనే వర్తిస్తుంది. అందులో సగం అంకె తప్పు కావచ్చు, అప్పుడు గంటలూ సగమవుతాయి. సబ్‌మీటర్ పరీక్షలో ఇబ్బంది ఏమిటంటే, మొదలుపెట్టే 20 శాతం కూడా ఆ నమ్మలేని అంచనాయే చెప్పిన అంకె. రెండు శ్రేణుల మధ్య ఉన్న సందు అర యూనిట్ మాత్రమే. పరీక్ష చేసి తీరాలంటే, వోల్టేజి దిగడం కనిపించే 10 శాతం కింద నుంచి మొదలుపెట్టండి, అంకె కొంత నమ్మదగినదిగా ఉంటుంది.

ఖర్చు లేని సూచిక ఇంకొకటి ఉంది. 94 దగ్గర ఆగిన వెంటనే కారు తీసి, ఫ్లైఓవర్ దిగేటప్పుడు యాక్సిలరేటర్ వదలండి. బ్యాటరీ నిజంగా నిండితే కారు వేగం తగ్గేటప్పుడు వెనక్కి వచ్చే ఛార్జింగ్‌ను అది తీసుకోదు, మామూలుగా ఉండే పట్టు తగ్గి కారు జారిపోతున్నట్టు ఉంటుంది. అలా ఉంటే 94 అన్నది తెర మీది మాట మాత్రమే కావచ్చు, లేదా ఒక సెల్ నిండి మిగతావి ఎదురుచూస్తుండవచ్చు. ఏదైనా ఆపినది బీఎంఎస్సేనని, ఛార్జర్ కాదని తేలుతుంది.

వైట్‌ఫీల్డ్ న్యాయవాది:

సాంకేతిక చర్చ సాగుతుండగానే గడియారం కూడా నడుస్తోందని గుర్తుచేయడానికి వచ్చాను. మన దేశంలో ఎక్కువ కంపెనీలు బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నాయి, సామర్థ్యం 70 శాతం కంటే తగ్గితే మారుస్తామన్నది అందులో సాధారణంగా కనిపించే షరతు. సర్జాపుర రోడ్డు వాసి గారు నూరు నిండడం లేదని మాత్రమే ఫిర్యాదు చేస్తే, 94 అనేది 70 కంటే ఎక్కువే కదా అని ఒక్క వాక్యంలో తోసిపుచ్చగలరు. కాబట్టి సామర్థ్యం తగ్గిందని కాకుండా, ఒక నిర్దిష్టమైన భాగంలో లోపం ఉందని రాయాలి. తయారీ లోపాల షరతు వేరు, క్షీణత షరతు వేరు.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలి. చెల్లించిన మొత్తం 50 లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్ చాలు. కారు హైదరాబాదులో కొన్నా, మీరు నివసించే బెంగళూరులోనే ఫిర్యాదు వేయవచ్చు. లోపాన్ని పరీక్ష లేకుండా నిర్ధారించలేని సందర్భంలో వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. ఇవన్నీ పనికి రావాలంటే మొదట చేతిలో కాగితం ఉండాలి. జాబ్ కార్డు తెరవకుండా నోటిమాటతో పంపడం మీకు జరిగిన అసలు నష్టమని నా అభిప్రాయం. సెల్ లోపమో కాదో తేలేదాకా ఆగుదామనే పరీక్షకుడి గారి పద్ధతితో నేను ఏకీభవించను. నిరీక్షణ కూడా కాగితం మీదే జరగాలి.

సర్జాపుర రోడ్డు వాసి:

ఓబీడీ పరికరం తెచ్చి చూశాను. ఆగే సమయానికి ఒక సెల్ 3.65 వోల్టుల దగ్గర ఉంది, మిగతావన్నీ 3.40 పరిసరాల్లో ఉన్నాయి. 9 శాతానికి దిగినప్పుడు, కారు నడుస్తుండగా, అదే సెల్ అన్నింటికంటే కింద ఉంది. ఫ్లైఓవర్ మీద పట్టు తగ్గిన మాట కూడా నిజమే. పరీక్షకుడి గారు తాను ఇచ్చిన మాట ప్రకారం ఇప్పుడు నా పక్షాన వాదించాలి.

ప్యాక్ పరీక్షకుడు:

వాదిస్తాను, అయితే ఏమని వాదించాలో తేలడానికి ఒక్క కొలత మిగిలి ఉంది. రెండు రీడింగులూ కరెంటు పారుతుండగా తీసినవి. సెల్స్‌ను కలిపే లోహపు పట్టీ దగ్గర బిగింపు వదులై నిరోధం పెరిగినా, ఛార్జింగ్‌లో ఆ సెల్ వోల్టేజి ఎక్కువగా, కారు నడిచేటప్పుడు తక్కువగా కనిపిస్తుంది, సెల్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇంటి సాకెట్ మీద ప్యాక్‌లోకి వెళ్ళేది సుమారు 10 ఆంపియర్లు, ఫాస్ట్ ఛార్జర్ మీద 100 పైగా. నిరోధమే కారణమైతే ఆ తేడా పది రెట్లు పెరగాలి. మీకు ఇంట్లో 94, బయట 90 అన్నారు, అది రెండు అర్థాలకూ చోటిస్తోంది. ఈసారి 9 శాతం దగ్గర కారు ఆపి, అరగంట వదిలేసి మళ్ళీ చదవండి. ఆ సెల్ మిగతావాటితో కలిసిపోతే బిగింపు పని, ప్యాక్ తెరిచి పట్టీ సరిచేస్తే చాలు. విశ్రాంతిలో కూడా కిందనే ఉండిపోతే సెల్ సామర్థ్యమే పోయింది, మాడ్యూల్ మార్చవలసిందే. రెండింటిలో ఏదైనా కొన్ని వారాలు నెమ్మదిగా ఛార్జ్ చేయమన్న సలహాకు ఇక ఆధారం లేదు.

పాత ఈవీ యజమాని, హెబ్బాళ:

ప్యాక్ తెరిచి పట్టీ బిగించడానికి ఒప్పుకునే సర్వీస్ సెంటర్ ఈ నగరంలో ఎన్ని ఉన్నాయో నాకు సందేహమే. వాళ్ళకు సులభం మొత్తం ప్యాక్ మార్చడం, లేకపోతే ఏమీ చేయకపోవడం.

వైట్‌ఫీల్డ్ న్యాయవాది:

అందుకే విశ్రాంతి రీడింగ్‌ను ఇంట్లో ఒకసారి తీసుకున్నా, రెండోసారి సర్వీస్ సెంటర్‌లో వారి పరికరంతోనే తీయించి, సెల్ సంఖ్య, శాతం, మూడు సందర్భాల వోల్టేజి జాబ్ కార్డులో రాయించండి. కార్డు తెరవమంటే కాదన్నారా, అదే రోజు ఈమెయిల్‌లో ఆ సంగతి రాసి పంపండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పేటప్పుడు ఆ ఈమెయిల్ తేదీనే చెప్పవలసి ఉంటుంది.