మొక్కజొన్న ఆకు ముదురు పచ్చగానే ఉంది, మరి ఎదుగుదల ఎందుకు ఆగింది?

ప్రశ్న (రబీ రైతు):
మా నల్లరేగడి చేలో మొక్కజొన్న విత్తి 25 రోజులైంది. మొక్కలు గిడసబారాయి. అడుగు ఆకుల కొనలు, అంచులు ఊదా రంగుకు తిరిగాయి కానీ మిగిలిన ఆకు మామూలు కంటే ముదురు పచ్చగా ఉంది. ఇది భాస్వరం లోపమని పక్క చేను పెద్దాయన అన్నారు. పత్రహరితం అంత నిండుగా ఉన్నప్పుడు కిరణజన్య సంయోగక్రియ సక్రమంగా సాగాలి కదా, భాస్వరం చాలకపోతే అది ఎక్కడ ఆగుతుంది? పైగా విత్తే ముందు భాస్వరం ఉండే డీఏపీ ఎరువు వెదజల్లాను.

సమాధానం (వృక్షశాస్త్ర అధ్యాపకుడు):
మీ సందేహం సరైనదే, కానీ ఆ ముదురు రంగును ఆరోగ్యానికి గుర్తుగా తీసుకోకండి. భాస్వరం చాలనప్పుడు పత్రహరితం తయారీ కంటే ముందు ఆకు విస్తరించడం ఆగిపోతుంది కనుక, ఉన్న పత్రహరితమంతా చిన్న ఆకులో చిక్కగా కనిపిస్తుంది.

అసలు ఇబ్బంది చక్కెర బయటికి వెళ్లే దారిలో ఉంది. మొక్కజొన్న సీ4 మొక్క (కార్బన్ డయాక్సైడ్‌ను ముందుగా నాలుగు కార్బన్ల పదార్థంగా పట్టుకునేది) అయినా, కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రం దానికీ తప్పదు. ఆ చక్రంలో మూడు కార్బన్ డయాక్సైడ్ అణువుల నుంచి ఒక ట్రయోజ్ ఫాస్ఫేట్ (ఫాస్ఫేట్ అతికిన మూడు కార్బన్ల చక్కెర) మిగలాలంటే తొమ్మిది ఏటీపీలు, అంటే శక్తినిచ్చే అణువులు, ఖర్చవుతాయి. వాటి నుంచి వచ్చే తొమ్మిది ఫాస్ఫేట్లలో (మొక్క భాస్వరాన్ని వాడుకునేది ఈ రూపంలోనే) ఎనిమిది హరితరేణువులోనే, అంటే పత్రహరితం ఉండే కణభాగంలోనే ఉండిపోతాయి, తొమ్మిదవది ట్రయోజ్ ఫాస్ఫేట్‌లో భాగంగా బయటికి పోతుంది. హరితరేణువు పొరలోని రవాణా ప్రోటీన్ ఒక ట్రయోజ్ ఫాస్ఫేట్‌ను బయటికి పంపితే, బదులుగా కణద్రవ్యం నుంచి ఒక విడి ఫాస్ఫేట్‌ను లోపలికి తెస్తుంది. బయట ఫాస్ఫేట్ కరువైతే ఈ మారకం మందగించి, చక్కెర లోపలే పిండిపదార్థంగా పేరుకుపోతుంది. ఏటీపీ తయారీ తగ్గుతుంది. కార్బన్ డయాక్సైడ్‌ను అందుకునే రైబులోజ్ బిస్‌ఫాస్ఫేట్ తిరిగి ఏర్పడదు. ఎండ, పత్రహరితం రెండూ ఉన్నా పని సాగదు. వాడకం లేక ఆకులో మిగిలిన చక్కెరల వల్లనే ఆంథోసయనిన్ అనే వర్ణకం పెరిగి ఊదా రంగు వస్తుంది.

సమాధానం (నేలల పరిశీలకుడు):
డీఏపీ వేసినంత మాత్రాన భాస్వరం వేరుకు అందినట్టు కాదు. సున్నం ఎక్కువగా ఉన్న నల్లరేగడిలో అది కాల్షియంతో కలిసి కరగని రూపంలోకి మారుతుంది. మిగిలినది కూడా వేసిన చోటి నుంచి కొద్ది మిల్లీమీటర్లకు మించి కదలదు. అందువల్ల వెదజల్లడం కంటే, విత్తనానికి కొంచెం పక్కగా, కొంచెం లోతుగా సాలులో వేయడం మేలు. రబీ చలిలో వేరు నెమ్మదిగా పెరుగుతుంది కనుక లోపం మరింత కనిపిస్తుంది. అయితే కొన్ని సంకర రకాలు కేవలం చలికే ఊదా రంగుకు తిరిగి, వెచ్చబడగానే కోలుకుంటాయి. భూసార పరీక్ష చేయించి నిర్ధారించుకోండి.

రబీ రైతు:
ఇప్పుడు డీఏపీ ద్రావణం పిచికారీ చేస్తే సరిపోతుందాండీ?

నేలల పరిశీలకుడు:
కొంత ఊరట కలుగుతుంది కానీ లోటు తీరదు. 2 శాతం ద్రావణం ఎకరాకు 200 లీటర్లు కొడితే అందులో 4 కిలోల డీఏపీ ఉంటుంది, అంటే ఫాస్ఫేట్ రెండు కిలోలకు లోపే. ఒక 50 కిలోల బస్తాలో ఉండేది 23 కిలోలు. ఈ పంటకు పిచికారీ చేయండి, వచ్చే పంటకు మాత్రం ఎరువు సాలులోనే పడేలా చూసుకోండి.