మ్యాప్ సాఫ్ట్‌వేర్ల పట్టీ మా మామకు పనికొచ్చేట్టు ఎట్ల సర్దాలి?

చంద్రగిరి_గట్టు:
ఓపెన్ సోర్స్ మ్యాప్ సాఫ్ట్‌వేర్లన్నీ ఒకచోట పెడదామని రెండు నెలలుగా ఒక షీట్ రాస్తా ఉండా. 64 వరసలు అయినాయి. డెస్క్‌టాప్, మొబైల్, సర్వర్, లైబ్రరీ అని నాలుగు భాగాలు. చూసేదానికి ముచ్చటగా ఉండాది గానీ ఒక్కరికీ అక్కరకు రాలా.

బంగారుపాళ్యం దగ్గర మా మామకు నాలుగెకరాల తోతాపురి తోట ఉండాది. కొలిచేదానికి ఏం వాడాలంటే షీట్ లింకు పంపిస్తి. సాయంత్రం ఫోను: "అల్లుడా, సర్వర్ అంటే హోటల్లో వడ్డించేవాడు కదా?" సరేలే అని, కంప్యూటర్లో మ్యాపులు గీసి కొలిచే క్యూజీఐఎస్‌లో నేనే గీసిచ్చినా. 4 ఎకరాల 22 సెంట్లు వచ్చింది. ఆ 22 సెంట్లు పక్క తోటాయన కలుపుకున్నాడని మామ గట్టు మీద గొడవకు దిగినాడు. చూస్తే నేను లెక్క వెబ్ మెర్కేటర్‌లో (గుండ్రటి భూమిని వెబ్ మ్యాపుల కోసం చదునుగా పరిచే పద్ధతి) వేసినా! మన పక్క కొలతలకు సరిపోయే యూటీఎం 44 ఉత్తర జోన్ పద్ధతికి మార్చంగానే నాలుగెకరాలకు దిగింది. మామ నాతో మాట్లాడి వారమైంది.

ఈ షీట్‌ను ఎట్ల మార్చేది?

పాకాల_జంక్షన్:
తిరగేయన్నా. మందులంగడికి పోయిన రైతు "పూత రాలతా ఉండాది" అంటాడు గానీ మందు పేరు చెప్పడు కదా. మొదటి గడిలో పని రాయి. "సిగ్నల్ లేని చోట దారి కావాలి" అంటే ఆర్గానిక్ మ్యాప్స్ లేదా ఓస్మాండ్, ముందే మ్యాప్ దించుకోవాలని పక్కనే రాయి. "మా వీధిలో అంగళ్ల వివరాలు చేర్చాలి" అంటే స్ట్రీట్‌కంప్లీట్. అది అడిగే ప్రశ్నలకు జవాబిస్తే చాలు, అందరూ కలిసి గీసే ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేరిపోతాయి. ఐఫోన్ వాళ్లకు మాత్రం అది లేదు. కంప్యూటర్లో ఒకటీ అరా దిద్దాలంటే బ్రౌజర్లోనే ఐడీ ఎడిటర్, వందలకొద్దీ ఉంటే జోసమ్. మండలంలో చెరువులన్నీ ఏరి ఇయ్యమంటే ఓవర్‌పాస్ టర్బో.

మ్యాప్ డేటాను దాచేదానికి, నెట్‌లో అందించేదానికి వాడే జియోసర్వర్, పోస్ట్‌జీఐఎస్ లాంటివి వేరే షీట్లో పడేయ్. అవి కావాల్సినోళ్లు ఎట్లాగూ పేరు పెట్టే వెతుకుతారు.

మిట్టూరు_టీ:
పని పేరుతో సర్దితే క్యూజీఐఎస్ పదిచోట్ల వస్తుంది, ఒకచోట దిద్ది తొమ్మిదిచోట్ల మర్చిపోతారు. సాఫ్ట్‌వేర్‌కు ఒకే వరస ఉంచి, పనులను గుర్తులుగా తగిలించండి. వడపోస్తే సరిపోతుంది. ఏ ఫోన్లో నడుస్తుంది, నెట్ లేకుండా పనిచేస్తుందా, మీరు చివరిసారి తెరిచి చూసిన తేదీ, ఈ మూడు గడులూ తప్పనిసరి. తేదీ లేని పట్టీని నేను నమ్మను.

ఇంకో గడి "ఎక్కడ మోసపోతాం" అని పెట్టండి. వెబ్ మెర్కేటర్‌లో భూమధ్యరేఖ నుంచి దూరం పోయేకొద్దీ వైశాల్యం ఉబ్బుతుంది. మన చిత్తూరు దగ్గర ఎకరాకు ఐదారు సెంట్లు. మీ మామ 22 సెంట్లు అక్కడివే. సరిగ్గా కొలిచినా సరే, ఉపగ్రహ చిత్రం మీద గీసిన గీత గట్టు తగాదాకు పనికిరాదు, సర్వేయర్ రావాల్సిందే. అది మొదటి వరసలోనే రాయండి.

చంద్రగిరి_గట్టు:
ఇద్దరి మాటా కలిపి సర్దినా. 64లో నేను నిజంగా తెరిచి వాడింది 11 అని తేలింది, సిగ్గేసింది. మిగతావి పక్కన పెట్టేసినా. రేపు బంగారుపాళ్యం పోతా, మామ ఫోన్లో ఓస్మాండ్ వేసిస్తా. తోట మాట మాత్రం ఎత్తను.