130/650 తర్వాత ఏ టెలిస్కోప్? కంటితో చూడాలి, ఫొటోలూ తీయాలి

మృగశిర (హైదరాబాద్):
ఇప్పుడున్నది 130 మి.మీ. న్యూటోనియన్ (అద్దంతో పనిచేసే టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 650), మోటారు లేని ఈక్యూ2 మౌంట్ (టెలిస్కోప్‌ని మోసి తిప్పే స్టాండు), కెనాన్ 200డి కెమెరా. ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకం) అంతా బాగుంది. కెమెరా తగిలిస్తే మాత్రం ఫోకసర్‌ని పూర్తిగా లోపలికి తిప్పినా నక్షత్రాలు బిళ్లల్లాగే ఉంటున్నాయి. బడ్జెట్ రెండు లక్షలు. 8 అంగుళాల డాబ్సోనియన్ (నేల మీద పెట్టే సాదా స్టాండు మీది న్యూటోనియన్), ఆల్ట్-అజిమత్ గోటూ (పైకీ కిందికీ, పక్కలకీ తిరుగుతూ తనే వస్తువుని వెతికే మౌంట్) మీద 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ (పొట్టి ట్యూబు టెలిస్కోప్), హెచ్‌ఈక్యూ5 (ఆకాశం తిరిగే అక్షం చుట్టూ తిరిగే మోటారు మౌంట్) మీద 8 అంగుళాల న్యూటోనియన్: వీటిలో ఏది తీసుకోమంటారు? ఎక్కువగా డాబా మీదే వాడతాను.

కృత్తిక:
ముందు ఫోకస్ సంగతి. కెనాన్‌లో సెన్సర్ మౌంట్ అంచుకి 44 మి.మీ. వెనక ఉంటుంది, కెమెరాని టెలిస్కోప్‌కి తగిలించే టీ-రింగ్ ఇంకో 11. అంటే బింబం ఫోకసర్ నుంచి 55 మి.మీ. బయట పడాలి. ఐపీస్ కోసం చేసిన ట్యూబుల్లో అంత బయటికి రాదు. బార్లో (ఫోకల్ లెంగ్త్ పెంచే కటకం) వేస్తే అందుతుంది, కానీ ఫోకల్ లెంగ్త్ రెట్టింపై ట్రాకింగ్ తప్పులూ రెట్టింపవుతాయి. మీరు రాసిన డాబ్సోనియన్‌లోనూ ఇదే ఇబ్బంది రావచ్చు, కొనేముందు అడగండి.

నెబ్యులాల ఫొటోలే లక్ష్యమైతే ఆల్ట్-అజిమత్ వద్దు. అది వస్తువుని మధ్యలో ఉంచుతుంది గానీ ఫ్రేము తిరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో ఓరియన్ నెబ్యులా నడినెత్తికి దగ్గరగా, 67 డిగ్రీల ఎత్తున దక్షిణాన దాటుతుంది. ఆ సమయంలో ఫ్రేము గంటకి దాదాపు 37 డిగ్రీల వేగంతో తిరుగుతుంది. 30 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మీ కెమెరా మూలనున్న నక్షత్రం 19 పిక్సెళ్ల గీత అవుతుంది. పైగా ఆ ష్మిట్-కాసెగ్రెయిన్ ఫోకల్ లెంగ్త్ 2032 మి.మీ. దగ్గర ఫ్రేము 0.63 × 0.42 డిగ్రీలే, నిండు చందమామే పూర్తిగా పట్టదు.

హెచ్‌ఈక్యూ5 తీసుకోండి, ట్యూబు మాత్రం మార్చండి. 8 అంగుళాల న్యూటోనియన్ రింగులతో సుమారు 9 కిలోలు. కెమెరా, కోమా కరెక్టర్ (అంచుల్లో నక్షత్రాలు సాగకుండా సరిచేసే కటకం), గైడ్ స్కోప్ (ట్రాకింగ్ సరిదిద్దడానికి వాడే చిన్న టెలిస్కోప్) కలిస్తే 11 దాకా పోతుంది. ఫొటోలకి మౌంట్ మోయగలదని చెప్పే బరువులో మూడింట రెండు వంతులు దాటకూడదు, ఇది దాటుతుంది. పైగా మీటరు పొడవున్న ట్యూబు డాబా గాలికి తెరచాపలా ఊగుతుంది. 80 మి.మీ. ఈడీ రిఫ్రాక్టర్ (రంగుల అంచులు తగ్గించే గాజు కటకాల టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 600 మి.మీ.) అయితే మూడు కిలోల చిల్లర. 206 × 3.72 ÷ 600 లెక్కన (3.72 మీ కెమెరా పిక్సెల్ సైజు, మైక్రాన్లలో) పిక్సెల్‌కి 1.28 ఆర్క్ సెకన్లు, మన ఆకాశానికి సరిగ్గా సరిపోతుంది. ఫ్లాటెనర్ (ఫ్రేము అంచుల దాకా ఫోకస్ సమంగా ఉంచే కటకం) తప్పనిసరి, దాని వెనక కూడా సాధారణంగా అదే 55 మి.మీ. దూరం.

అరుంధతి (విజయవాడ):
ఫొటోల వరకూ ఒప్పుకుంటాను. కంటికి మాత్రం 130 నుంచి 80కి దిగితే అందే వెలుగు 38 శాతానికి పడిపోతుంది. ఒమేగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మనకి దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకి వస్తుంది. 8 అంగుళాల్లో అంచు నుంచి నడిమి దాకా బొంబాయి రవ్వ చల్లినట్టు విడివిడిగా కనిపిస్తుంది, 80లో మసక ముద్దే. అందుకని పాత 130ని అమ్మకండి. రింగులకి విక్సెన్ బార్ (మౌంట్‌కి పట్టే లోహపు పట్టీ) బిగిస్తే అదీ హెచ్‌ఈక్యూ5 మీదే కూర్చుంటుంది. డాబ్సోనియన్ తర్వాత కొనవచ్చు.

ధ్రువ17:
మౌంట్ కొనేవాళ్లకి మన అక్షాంశంతో వచ్చే చిక్కులు చెబుతాను. ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తే. పోలార్ అక్షం (మౌంట్‌లో ధ్రువం వైపు చూసే అక్షం) దాదాపు పడుకున్నట్టుంటుంది, కౌంటర్ వెయిట్ కడ్డీ బాగా కిందికి దిగి ట్రైపాడ్ కాలికి తగలొచ్చు. మొదటిసారి మోటార్లు వేయకుండా, క్లచ్‌లు వదులు చేసి చేత్తో అంతా తిప్పి చూడండి. తగిలితే పియర్ ఎక్స్‌టెన్షన్ (మౌంట్‌ని ట్రైపాడ్ మీంచి ఎత్తే గొట్టం) వేయాలి. ఆల్టిట్యూడ్ బోల్టుల్లో ఒకటి వదులు చేశాకే రెండోది బిగించండి, లేకపోతే వంగిపోతాయి.

ధ్రువం పక్కింటి వాటర్ ట్యాంకు వెనక పడితే డ్రిఫ్ట్ పద్ధతి (నక్షత్రం ఎటు జారుతుందో చూసి అక్షం సరిచేయడం) వాడండి. ఖగోళ మధ్యరేఖ దగ్గర, నడినెత్తి గీత (మెరిడియన్, ఉత్తర-దక్షిణ గీత) మీదున్న నక్షత్రం దక్షిణానికి జారితే అక్షం తూర్పుకి ఎక్కువ తిరిగినట్టు. తూర్పున కిందున్న నక్షత్రం దక్షిణానికి జారితే అక్షం తక్కువ ఎత్తులో ఉన్నట్టు. ఉత్తరానికి జారితే రెండూ తిరగేయండి.

మృగశిర:
హెచ్‌ఈక్యూ5, 80 ఈడీ ఖాయం. 130 కూడా దాని మీదకే. బ్యాలెన్స్ సరిగ్గా సమానంగా ఉండాలా?

ధ్రువ17:
వద్దండి. తూర్పు వైపు కొంచెం బరువుగా వదలండి. గేర్ పళ్లు ఒకే వైపు ఆనుకుని ఉంటాయి, గైడింగ్‌లో ముందుకీ వెనక్కీ ఊగదు. ట్యూబు మెరిడియన్ దాటి అటు మారాక బరువు పడమటి వైపుకి వస్తుంది, అప్పుడు కౌంటర్ వెయిట్‌ని ఒక సెంటీమీటరు జరపండి.